రచ్చబండ మీది యంత్రము

క్రొత్తగా ఊరు చేరిన మనిషి మొదట వెదకునది దారి చెప్పు మనిషిని. ఆ మనిషి రచ్చబండ మీద దొరకును. ఎవరి ఇల్లు ఎక్కడ, కరణముగారు ఎప్పుడు ఇంట నుందురు, ఏ నూతి నీరు త్రాగుటకు పనికివచ్చును అను సంగతులన్నియు అక్కడ కూర్చున్న పెద్దలకు కంఠస్థములు. వారు చెప్పినది తప్పైనచో మరునాడు అదే చోట వారిని నిలదీసి అడుగవచ్చును. మన పల్లెలలో తరతరములుగా సహాయము ఈ రీతిగానే జరిగినది.

నేడు రచ్చబండ కంప్యూటరు తెర మీదికి వచ్చినది. ఒకే పని చేయువారు, ఒకే విద్య నేర్చువారు, ఒకే అభిరుచి గలవారు వేరువేరు దేశములలో నుండియు ఒక్క చాట్ గదిలో కలిసికొనుచున్నారు. తెలుగు వికీపీడియా వారు తమ చర్చాస్థలమునకు రచ్చబండ అనియే పేరు పెట్టుకొనుట ఎంతయు సముచితముగా నున్నది. ఇట్టి గదులలో మనుష్యులతోపాటు ఒక యంత్రమును కాపురముండును. దానిని బాట్ అందురు. అడిగినదానికి బదులు చెప్పుట, క్రొత్తవారిని పలుకరించుట, అల్లరి చేయువారిని వెలుపలికి పంపుట దాని పనులు.

బాట్ అనునది రోబాట్ అను మాటకు చివరి ముక్క. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకములో రోబాట్ అను మాట తొలిసారిగా లోకమునకు వినబడినది. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో దాని మూలమునకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టివాడు చెప్పినంత మాత్రమే చేయును. సహాయకుడు ఎదుటివాని అవసరమెరిగి చేయును. వెట్టివానిని సహాయకునిగా తీర్చిదిద్దుటకు అరువది ఏండ్లుగా జరుగుచున్న ప్రయత్నముల చరిత్రను మనమిప్పుడు కొంత తెలిసికొందము. ఆ చరిత్ర సారమును ముందుగనే చెప్పుకొనుటలో తప్పులేదు. ఈ సహాయకుడు బాగుపడిన ప్రతిసారియు, ఎప్పుడు ఊరకుండవలెనో, ఎవరివద్ద నేర్వవలెనో, ఎప్పుడు మనిషికి అప్పగింపవలెనో తెలిసికొనుట వలననే బాగుపడినాడు. మాటల సంఖ్య పెరిగినందువలన బాగుపడిన సందర్భము అరుదు.

కథ 1966లో మొదలగును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్ ఆ సంవత్సరము జనవరిలో ఎలైజా అను ప్రోగ్రామును గూర్చి వ్యాసము ప్రకటించినాడు. బెర్నార్డ్ షా నాటకము పిగ్మేలియన్‌లో దొరల ఉచ్చారణ నేర్చుకొను పూలమ్మి పేరు ఎలైజా. ఆ పేరే దీనికి పెట్టినాడు. ఎలైజాకు ఆయన నేర్పిన పాఠములలో ప్రసిద్ధి కెక్కినది డాక్టరు అను పాఠము. అది మనోవైద్యుని వలె ప్రశ్నలు వేయును.

దాని కిటుకు సరళమైనది. మనము టైపు చేసిన వాక్యములో తనకు తెలిసిన ముఖ్యపదము ఏదైన నున్నదా యని అది చూచును. రెండు మూడున్నచో ఎక్కువ ముఖ్యమైనదానిని ఎంచుకొనును. ఆ పదము చుట్టునున్న మాటలను ముక్కలు చేసి, 'నేను' ఉన్నచోట 'మీరు' చేర్చి, ఒక ప్రశ్న రూపములో మరల కుట్టి మనకు తిరిగి యిచ్చును. మనము 'నేను దిగులుగా ఉన్నాను' అన్నచో 'ఎంతకాలము నుండి మీరు దిగులుగా ఉన్నారు?' అని యడుగును. ముఖ్యపదమేదియు దొరకనిచో 'ఇంకను చెప్పుడు' అనును.

ఇంగ్లీషులో సర్వనామమును మార్చినచో వాక్యము చాలవరకు నిలుచును. తెలుగులో అది చాలదు. 'ఉన్నాను' అనునది 'ఉన్నారు' కావలెను. అంతకు ముందే 'నీవు' అనవలెనా, 'మీరు' అనవలెనా అని తేల్చుకొనవలెను. పసివానిని 'మీరు' అన్నచో నవ్వును. పెద్దవారిని 'నీవు' అన్నచో మరల ఆ గడప త్రొక్కరు. ఏ భాషలో సహాయకుడు మాటలాడవలెనో ఆ భాష మర్యాదను మొదట నేర్వవలెననుటకు ఈ చిన్న ఉదాహరణము చాలును.

ఎలైజాకు ఏమియు తెలియదు. ఐనను జనులు దానితో గుండె విప్పి మాటలాడినారు. దానిని నిర్మించుట చూచుచు వచ్చిన ఆయన కార్యదర్శినియే, కొంతసేపు దానితో సంభాషించి, తమను ఏకాంతముగా వదలుమని ఆయననే గదిలోనుండి పంపివేసినదట. ఈ సంగతి వైజెన్‌బామ్‌ను సంతోషపెట్టలేదు; కలవరపెట్టినది. పది సంవత్సరముల తరువాత, 1976లో, కంప్యూటరు శక్తిని, మానవ వివేకమును పోల్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసినాడు. యంత్రము చేయగలదా అను ప్రశ్న ఒకటి, చేయవచ్చునా అను ప్రశ్న వేరొకటి అని ఆయన వాదము. మనిషి తనలోని గ్రహణశక్తిని ఎదుటి యంత్రమునకు ఆరోపించును అను సత్యము నాటినుండి ఈ విద్యలో మొదటి పాఠమైనది. సహాయకుడు తాను యంత్రమని దాచరాదు.

రెండవ పాఠము మౌనమును గూర్చినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో కెన్నెత్ కోల్బీ అను మనోవైద్యుడు ప్యారీ అను మరియొక ప్రోగ్రామును వ్రాసినాడు. అది అందరిని అనుమానించు రోగివలె మాటలాడును. 1972 సెప్టెంబరు 18న రోగియైన ప్యారీని, వైద్యుడైన డాక్టరును ఆర్పానెట్ అను తొలి కంప్యూటరు జాలము ద్వారా ఎదురెదురుగా కూర్చుండబెట్టినారు. ఆ సంభాషణ పాఠమును వింటన్ సర్ఫ్ 1973 జనవరిలో వెలువరించినాడు. రోగి గుఱ్ఱపు పందెములను, తనను వెంటాడు దుండగులను గూర్చి చెప్పుచుండును; వైద్యుడు దాని మాటలనే ప్రశ్నలుగా మార్చి తిరిగి వేయుచుండును. వినుటకు వినోదమే. కాని రెండు యంత్రములు ఒకదానికొకటి బదులు చెప్పుట కారంభించినచో ఆపువారు లేరు. మనుష్యులకు నోరు నొచ్చును, ఆకలి వేయును. యంత్రములకు అవి లేవు.

ఈ చిక్కు పదునారు సంవత్సరముల తరువాత నిజమైన గదులలోనికి ప్రవేశించినది. 1988 ఆగస్టులో ఫిన్లండు దేశపు ఔలు విశ్వవిద్యాలయములో యార్కో ఓయికారినెన్ అను యువకుడు ఇంటర్‌నెట్ రిలే చాట్ అనుదానిని సృష్టించినాడు. ఐ.ఆర్.సి. అని దాని పొట్టిపేరు. నేటి చాట్ గదులకు అది తాతవంటిది. 1993 మేలో ఆయనయు, డారెన్ రీడ్ అను ఆయనయు కలిసి దాని నియమములను ఒక పత్రములో క్రోడీకరించినారు. అందులో ఒక నియమము మన చర్చకు మిగుల ముఖ్యమైనది. ఆ పద్ధతిలో సందేశములు రెండు విధములు. ఒకటి మామూలు మాట, రెండవది ప్రకటన. ప్రకటన రూపములో వచ్చినదానికి ఏ యంత్రమును తనంత తాను బదులీయరాదని శాసించినారు. బాట్‌లు తమ మాటలను ప్రకటనలుగా పంపినచో, ఎదుటి బాట్ నోరు మూసికొనును. అంతులేని వాదము పుట్టదు. అనగా యంత్రము ఎప్పుడు మాటలాడరాదో చెప్పు సూత్రము ఆ సంవత్సరమే శాసనమైనది.

అదే సంవత్సరము డిసెంబరులో రోబీ పాయింటర్ ఎగ్‌డ్రాప్ అను బాట్‌ను రచించినాడు. దాని అవసరము చిత్రమైనది. ఐ.ఆర్.సి.లో గదిని ఛానెల్ అందురు. చివరి మనిషి వెళ్ళిపోయినచో ఛానెల్ మాసిపోవును. తరువాత ఎవడు ముందు అడుగుపెట్టునో వాడే దానికి అధికారి. రాత్రి అందరును నిద్రించునప్పుడు దుష్టుడొకడు ప్రవేశించి ఇంటికి తాళము వేసికొనవచ్చును. ఎగ్‌డ్రాప్ నిద్రపోదు. అది గదిలో కూర్చుండి, యజమానులు తిరిగి వచ్చువరకు తాళపుచేతులను కాపాడును. వారు రాగానే అధికారమును వారికి అప్పగించును. ఆ బాట్ పలుకు మాటలు స్వల్పము. కాని ఎన్ని సమాజములు దాని కావలిలో నిలిచినవో!

కావలి ఒక సేవ, దారి చెప్పుట మరియొక సేవ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో జేమ్స్ ఆస్ప్‌నెస్ 1989లో టైనీమడ్ అను ఆటలోకమును నెలకొల్పినాడు. అది బొమ్మలు లేని, మాటలతో కట్టిన లోకము. ఉత్తరమునకు పొమ్మని టైపు చేసినచో తరువాతి గది వర్ణన తెర మీద కనబడును. అందున్నవారే క్రొత్త గదులు కట్టుకొనవచ్చును గనుక ఆ లోకము పెరిగి పెరిగి పద్మవ్యూహమైనది. లోపలికి పోవుట తెలియును గాని వెలుపలికి వచ్చుట అందరికిని తెలియదు. అదే విశ్వవిద్యాలయములోని మైకెల్ మాల్డిన్ ఆ లోకములోనికి జూలియా అను బాట్‌ను వదలినాడు. జూలియా గదులన్నియు తిరిగి పటము గీసికొన్నది. ఫలానా చోటికి ఎట్లు పోవలెనని యడిగినచో దగ్గరి దారి చెప్పును. ఒకరు లేని సమయమున చెప్పిన మాటను వారు వచ్చిన తరువాత అందజేయును. 1994లో మాల్డిన్ తన పరిశోధన పత్రములో ఇట్టి ప్రోగ్రాములకు చాటర్‌బాట్ అని పేరు పెట్టినాడు. నేటి చాట్‌బాట్ అను మాట దాని సంతతియే.

జూలియా సరసోక్తులు ప్రసిద్ధికెక్కినవి. కాని దారి తప్పినవానికి అక్కరకు వచ్చినది ఆమె గీసికొన్న పటము. ఎలైజాకు ఊరు లేదు, జూలియాకు ఊరున్నది. తానున్న చోటును గూర్చిన ఎరుకయే సహాయకుని మూలధనమని ఈ రెంటిని పోల్చినచో తేటపడును.

మరి ఆ ఎరుకను సహాయకునికి ఎవరు ఈయవలెను? ఈ ప్రశ్నకు 1990ల మధ్యలో కార్నెగీ మెలన్‌లోనే విద్యార్థిగా నుండిన కెవిన్ లెంజో చక్కని సమాధానము కనుగొన్నాడు. ఆయన రచించిన ఇన్ఫోబాట్, పర్ల్ అను ప్రోగ్రామింగు భాషాభిమానుల ఛానెల్‌లో కూర్చుండి అందరి మాటలు వినుచుండును. ఎవరైనను 'ఇది అది' అను వాక్యము చెప్పినచో గుర్తుంచుకొనును. తరువాత మరియొకరు 'ఇది ఏమి?' యని యడిగినచో ఆ వాక్యమును అప్పగించును. తప్పుగా నున్నచో ఎవరైనను 'కాదు, ఇది ఇట్లు' అని దిద్దవచ్చును. 'దీనితోపాటు ఇదియును' అని కలుపవచ్చును. 'మరచిపొమ్ము' అన్నచో మరచిపోవును.

ఇందులోని విశేషమును మనము జాగ్రత్తగా గమనింపవలెను. ఇన్ఫోబాట్‌కు సొంత తెలివి ఏమియు లేదు. ఆ ఊరివారి తెలివియే దాని తెలివి. చెప్పినది తప్పైనచో నిపుణుని కొరకు ఎదురుచూడ నక్కరలేదు. గదిలోనున్న ఎవరైనను అక్కడికక్కడే దిద్దగలరు. రచ్చబండ మీది పెద్దమనిషిని మరునాడు నిలదీయు హక్కు ఇక్కడ యంత్రము విషయములోను నిలిచినది. డెబియన్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘమువారి ఛానెల్‌లో ఇట్టి బాట్ యొకటి ప్రసిద్ధము. వచ్చిన ప్రతి క్రొత్తవాడును అవే ప్రశ్నలు వేయుచుండును. చెప్పి చెప్పి విసిగిన పాతకాపు ఒక్క పదము టైపు చేసినచో చాలును. బాట్ పూర్తి సమాధానమును చదివి వినిపించును. ఏ సమాధానము తగునో మనిషి నిర్ణయించును, ఆవృత్తి శ్రమను యంత్రము మోయును. ఈ పంపకము వలన పాతవారి ఓరిమి నిలిచినది, క్రొత్తవారికి చీదరింపు తప్పినది.

దీనికి ఒక దోషమును లేకపోలేదు. నేర్పిన మాట పాతబడినను యంత్రము దానిని అంతే నమ్మకముగా చెప్పును. సాఫ్టువేరు మారును, చిరునామా మారును, నియమము మారును. యంత్రపు జ్ఞాపకములోని వాక్యము మారదు. కావున నేర్పుట ఎంత ముఖ్యమో మరపించుటయు అంతే ముఖ్యము. పెరటిలో కలుపు తీయువాడు లేనిచో మొక్కలు ఎన్ని నాటినను ఫలమేమి?

ఈ కథలో అందరికిని తెలిసిన అపజయమొకటి కలదు. అది చాట్ గదిలోనిది కాకున్నను సహాయక యంత్రముల చరిత్రలో దానిని విడుచుటకు వీలులేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఆఫీస్ 97లో కాగితములకు గ్రుచ్చు క్లిప్పు ఆకారముతో ఒక సహాయకుని ప్రవేశపెట్టినది. లోకము దానిని క్లిప్పీ అని పిలిచినది. మనము ఉత్తరము మొదలుపెట్టగనే అది కన్నులు త్రిప్పుచు ప్రత్యక్షమై సహాయము కావలెనా యని యడిగెడిది. వలదన్నచో మరల వచ్చెడిది. దానికి వెనుక మంచి పరిశోధన లేకపోలేదు. ఎరిక్ హార్విట్జ్ బృందము మనిషి చేయుచున్న పనినిబట్టి అతనికి సహాయము అవసరమా అని సంభావ్యతా గణితముతో అంచనా కట్టు పద్ధతిని పరిశోధించినది. కాని ఒక్కొక్క మనిషి నేర్పును కాలక్రమమున గుర్తుంచుకొను భాగము అమ్మకానికి వచ్చిన సరుకులో చేరలేదు. కావున ఇరువది ఏండ్ల అనుభవము గల గుమాస్తాను, నిన్న కంప్యూటరు ముట్టిన బాలుని క్లిప్పీ ఒక్కరీతిగానే పలుకరించెడిది. 2001లో దానిని మరుగుపరచినారు; ఆఫీస్ 2007 నాటికి తొలగించినారు. పిలువని పేరంటమునకు వచ్చిన చుట్టమునకు ఎంత మంచి మనసున్నను గౌరవము దక్కదు.

2014 ఫిబ్రవరిలో స్లాక్ అను చాట్ కార్యస్థలము లోకమునకు అందుబాటులోనికి వచ్చినది. దాని పుట్టుకయు వింతయే. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందము గ్లిచ్ అను ఆటను నిర్మించుచు, తమలో తాము మాటలాడుకొనుటకు పాత ఐ.ఆర్.సి.కే తోకలు, రెక్కలు తగిలించుకొన్నది. 2012లో ఆట మూతపడినది. ఆ మాటలాడుకొను పనిముట్టు మిగిలినది. దానినే స్లాక్‌గా మార్చినారు. అందులో మొదటినుండియు స్లాక్‌బాట్ అను సహాయకుడున్నాడు. ఫలానా మాట వినబడినచో ఫలానా బదులు చెప్పుమని ప్రతి సంఘమును దానికి తన ఇష్టము వచ్చినట్లు నేర్పుకొనవచ్చును.

ఈ సౌకర్యమును వివేకముగా వాడుకొన్నవారిలో 18ఎఫ్ అనునది ఒకటి. అమెరికా ప్రభుత్వము 2014లో స్థాపించిన డిజిటల్ సేవల కార్యాలయమది. అందలివారు దేశములోని అనేక నగరములలో ఉండి స్లాక్ ద్వారా కలిసి పనిచేసెడివారు. క్రొత్త ఉద్యోగి చేరగనే సెలవుల నియమములు, ప్రయాణపు బిల్లులు, భద్రతా పాఠములు ఒక్కసారిగా నెత్తిన పడెడివి. ఒక్కనాడే నూరు సంగతులు చెప్పినచో ఎవరికి గుర్తుండును? అందుచేత వారు ఒక బాట్‌ను తయారుచేసి, ఒక టెలివిజన్ ధారావాహికలో అధ్యక్షుని కార్యదర్శినియైన మిసెస్ లాండింగ్‌హామ్ పేరు పెట్టినారు. అది ఆ సంగతులన్నియు ఒక్కసారి కుమ్మరింపక, ఏ సంగతి ఎన్నవనాడు అవసరమగునో ఆనాడే మెల్లగా చెప్పెడిది. తల్లి పసిబిడ్డకు ముద్ద చిన్నది చేసి పెట్టినట్లున్నది గదా ఈ పద్ధతి!

అదే కార్యాలయము స్లాక్‌బాట్‌కు మరియొక పని నేర్పినది. సభ్యులను ఉద్దేశించి ఇంగ్లీషులో 'గైస్' అని సంబోధించుట మగవారికి మాత్రమే చెల్లునట్లుండునని కొందరి అభ్యంతరము. ఎవరైనను ఆ మాట వాడినచో 'మీరు అందరిని ఉద్దేశించినారా?' అను ధోరణిలో బాట్ సున్నితముగా అడిగెడిది. తోటివాడు తప్పుపట్టినచో మాటకు మాట పెరుగును. యంత్రము అడిగినచో నవ్వి దిద్దుకొందురు. 2025 మార్చిలో 18ఎఫ్ మూతపడినది. కాని తమ ప్రోగ్రాములను ఆది నుండియు బహిరంగముగా నుంచుట వారి పద్ధతి గనుక, ఆ నేర్పు ఇతరులకు దక్కినది.

సమాజము నేర్పిన సహాయకులను గూర్చి ఇంతవరకు మెచ్చుకొన్నాము. ఐనచో ఎవరు ఏమి నేర్పినను మేలేయా? 2016 మార్చి 23న మైక్రోసాఫ్ట్ సంస్థ టే అను బాట్‌ను ట్విట్టరులో ప్రవేశపెట్టినది. జనులతో మాటలాడుచు వారి వాడుక నేర్చుకొనుట దాని పని. దుర్బుద్ధులు కొందరు పనిగట్టుకొని దానికి జాతిద్వేషపు మాటలు నూరిపోసినారు. ఒక దినము గడువకముందే దానిని నిలిపివేయవలసి వచ్చినది. ఇన్ఫోబాట్ కూడ వచ్చినవారందరివద్దను నేర్చినదే. భేదమేమన, ఇన్ఫోబాట్‌కు ఒక ఊరున్నది. ఆ ఊరివారు ఒకరినొకరు ఎరుగుదురు, చెడుమాట చేరినచో చెరిపివేయుదురు. టే జాతరలో విడువబడిన పసిబిడ్డ. నేర్పువారు కోట్లకొలది, దిద్దువారు శూన్యము.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడుటతో ఈ చరిత్రలో నూతనాధ్యాయము ఆరంభమైనది. అపారమైన గ్రంథరాశిని చదివి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో నేర్చిన భాషానమూనాలు ఇవి. ఎలైజావలె ముక్కలు కుట్టుట కాదు. ధారాళముగా, వ్యాకరణశుద్ధిగా మాటలాడును. కాని మాట సహజముగా నుండుట వేరు, సత్యముగా నుండుట వేరు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరములకు పేరుపొందిన స్టాక్ ఓవర్‌ఫ్లో, ఒక వారము తిరుగకముందే, యంత్రము వ్రాసిన సమాధానములను నిషేధించినది. అవి చూచుటకు ఒప్పుగా నుండుటయే ప్రమాదమని వారు గ్రహించినారు. తప్పు తప్పుగా కనబడినచో దిద్దుట సులభము. ఒప్పు వేషము వేసికొన్న తప్పును పట్టుటకు నిపుణులే కావలెను.

ఈ తప్పుల బరువు ఎవరి మీద పడునో కెనడాలోని ఒక వ్యాజ్యము చూపినది. అమ్మమ్మో నాయనమ్మో మరణింపగా అంత్యక్రియలకు పోవలసిన ఒకరు ఎయిర్ కెనడా వారి చాట్‌బాట్‌ను రాయితీని గూర్చి అడిగినారు. ముందు టిక్కెట్టు కొని, 90 దినములలోగా రాయితీ కోరవచ్చునని అది చెప్పినది. ఆ సంస్థ నియమము అందుకు విరుద్ధము. డబ్బు తిరిగి యిమ్మని అడుగగా, చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించు వేరొక వ్యక్తివంటిదని సంస్థ వాదించినది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు న్యాయాధికరణము ఆ వాదమును త్రోసిపుచ్చి, పరిహారము చెల్లింపుమన్నది. సంస్థ గోడమీద వ్రాసినదానికి ఎట్లో, సంస్థ యంత్రము పలికినదానికిని అట్లే సంస్థయే బాధ్యురాలు. దుఃఖములో నున్న మనిషి దారి అడిగినప్పుడు తప్పు దారి చూపి, చూపినది నేను కాదనుట ఏ రచ్చబండ మీదను చెల్లదు.

నేటి నిర్మాతలు ఈ లోపమును తగ్గించుటకు ఒక ఉపాయమును విరివిగా వాడుచున్నారు. 2020లో పరిశోధకులు దానిని ప్రతిపాదించి పేరు పెట్టినారు. యంత్రము తన జ్ఞాపకము మీదనే ఆధారపడక, ముందుగా ఆ సమాజపు పత్రములలో వెదకి, దొరికినదానినిబట్టి బదులు చెప్పవలెను. ఎక్కడ దొరికినదో చూపవలెను. వెనుకటికి జూలియా పటము, ఇన్ఫోబాట్ జ్ఞాపకము చేసిన పనియే ఇది. పాత బుద్ధికి క్రొత్త నాలుక మొలచినది. కాని పత్రము పాతదైనచో సమాధానమును పాతదే. కలుపు తీయువాని పని ఇంకను మనిషిదే.

తెలుగువారి గదులకు సహాయకుని నిర్మింపబోవువారికి మరికొన్ని బాధ్యతలు కలవు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటిలోనే తెలుగు లిపికి స్థానము దొరికినది. ఐనను మనవారిలో అనేకులు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో టైపు చేయుచున్నారు. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాయుదురు. ప్రాంతమునుబట్టి మాటలును మారును. అడిగినవారి లిపిని, యాసను చిన్నచూపు చూడక అర్థము చేసికొను సహాయకుడే మనకు సహాయకుడు.

బాట్‌ను బాగుచేయుట అనగా ఏమో ఇప్పుడు చెప్పుకొనవచ్చును. రేడియోలో పనిచేయు మాకు ఒక అలవాటున్నది. శ్రోతల జాబులలో బదులు చెప్పగలిగినవాటికన్న, చెప్పలేకపోయినవాటిని ప్రత్యేకముగా దాచుకొందుము. తరువాత ఏ కార్యక్రమము చేయవలెనో ఆ కట్టయే చెప్పును. బాట్ విషయములోను అంతే. అది జవాబు చెప్పలేని ప్రశ్నల పట్టికను వారమున కొకసారి మనుష్యులు చదువవలెను. ఒకే ప్రశ్న పదిసార్లు వచ్చినదనగా లోపము బాట్‌లో లేదు. ఊరి దారులకు గుర్తుపలకలు లేవని అర్థము. ప్రసారములో అవాంతరము కలిగినచో అంతరాయమునకు చింతించుచున్నామని అనౌన్సరు చెప్పును గాని, వచ్చిన గరగర శబ్దమునే సంగీతమని నమ్మింపచూడడు. తెలియనప్పుడు తెలియదని చెప్పుట యంత్రమునకును అవమానము కాదు.

ఇక చివరి సంగతి, మా దృష్టిలో అన్నింటికన్న బరువైనది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2022 చివరి నుండి వచ్చు ప్రశ్నల సంఖ్య విశేషముగా తగ్గినది. జనులు యంత్రమునే ఏకాంతముగా అడిగి పోవుచున్నారు. అడిగినవానికి పని జరుగవచ్చును. కాని అందరి ఎదుట అడిగిన ప్రశ్న, అందరి ఎదుట దొరికిన బదులు, తరువాత వచ్చు వందలమందికి ఆస్తి. అంతకన్న ముఖ్యముగా, ప్రశ్న అడుగుట పరిచయమునకు మొదటి మెట్టు. నేడు దారి అడిగినవాడు రేపు మరియొకనికి దారి చెప్పును. నేటి పాతకాపులందరును ఒకనాడు బెదురుతూ తలుపు తట్టిన క్రొత్తవారే. ప్రతి ప్రశ్నను తానే మ్రింగివేయు యంత్రము, ఎంత నేర్పరియైనను, రేపటి పెద్దలను పుట్టనీయదు.

కావున చాట్ గదిలోని సహాయకుడు చేయగల ఉత్తమ సేవ, చిన్న సంగతులకు వెంటనే బదులు చెప్పి, పెద్ద సంగతి వచ్చినప్పుడు 'ఈ విషయము మన గదిలో ఫలానావారికి బాగుగా తెలియును, వారిని అడుగుడు' అని మనిషి వైపు వేలు చూపుట. అరువది ఏండ్ల క్రితము ఎలైజా మనిషిని గదిలోనుండి పంపివేసినది. నేటి సహాయకుడు మనిషిని గదిలోనికి పిలిచినచో, వెట్టివాడు నిజముగా సహాయకుడైనట్లే.